నేను పుట్టించిన హమూర్

దయ్యాలనూ మాయలనూ నేను ఏనాడూ నమ్మలేదు. ఎదుటివాళ్లను నమ్మించడం మాత్రం బాగా వచ్చు. ఘాలాలో మా లేబర్ క్యాంపులో అందరూ నన్ను కాకా అంటారు. అన్నాలయ్యాక నా మంచం చుట్టూ చేరేది నా అబద్ధాల కోసమే. అందుకే ఇందులో ఎక్కడ పెంచితే అక్కడే ఒప్పేసుకుంటాను.

ఒమన్‌కు వచ్చి ముప్పై ఏళ్లు. సరే, ఇరవై నాలుగు. ఇప్పుడు స్టోర్‌లో డ్యూటీ. అంతకు ముందు ఒక కెనడా ఇంజనీరు సారుకు డ్రైవర్‌ని.

శుక్రవారం వస్తే సారుకు చేపల పిచ్చి. అల్ సువైక్ దాటాక ఒక ఖోర్ ఉంది. అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయ. ఆటుపోట్లకు అందులో నీళ్లు నదిలా పారతాయి. వాళ్ల దేశపు నదుల్లో స్మాల్‌మౌత్ బాస్ అనే చేప ఉంటుందట. దాన్ని పట్టినట్టే ఇక్కడి హమూర్ చేపను పట్టాలని ఆయన పంతం.

రొయ్యా వానపామూ ఏదీ గుచ్చడు. ఈకలు, మేక వెంట్రుకలు గాలానికి చుట్టి చిన్న చేపలా కడతాడు. దాన్ని ఫ్లై అంటారు. దానికి బరువుండదు. కర్రను మణికట్టుతో వెనక్కీ ముందుకూ ఊపి, లావుపాటి దారాన్ని గాలిలో సాగదీసి వదలాలి. పెద్ద చేప ఊరికే తిరగదనీ, ప్రవాహం విరిగే చోట రాయి వెనక కాచుకుని ఉంటుందనీ చెప్పేవాడు. చిన్నవి కావాలంటే ఖోరంతా తిరగాలి, పెద్దది కావాలంటే ఒకే రాయి దగ్గర నిలబడాలి.

ఇంకో నియమం కూడా ఉండేది. గాలం కొనకు లోపలి వైపు ఒక చిన్న ముల్లు ఉంటుంది, పట్టిన చేప జారిపోకుండా. దాన్ని ఆకురాయితో అరగదీసేవాడు. చేపను వదిలేటప్పుడు మూతి చిరగకూడదని.

రెండేళ్ల కిందట తన దేశం పోతూ ఆ కర్ర నాకిచ్చాడు. దానితో తలుపంత చేపలు పట్టానని రూమ్‌లో చెప్పుకున్నాను. నిజానికి నా గాలానికి చిక్కింది సారు టోపీ ఒక్కటే. రెండుసార్లు.

మా రూమ్‌లో గంగారాం అని జగిత్యాల వైపు మనిషి. ప్లాస్టరింగ్ మేస్త్రీ. పోయినేడాది స్కాఫోల్డింగ్ మీది నుంచి పడి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. బౌషర్ ఆసుపత్రిలో రోజూ మణికట్టును వెనక్కీ ముందుకూ ఆడించమన్నారు. లేకపోతే అలాగే ఉండిపోతుందన్నారు. నెల తిరిగాక తాపీ పట్టించి చూస్తామనీ, పట్టలేకపోతే వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపుతామనీ కంపెనీలో చెప్పారు.

అతను చెయ్యి ఆడించలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తినమంటే తినడు, మాట్లాడితే పలకడు. వారం చూశాక మంచం పక్కన కూర్చుని అడిగాను.

"ఏం ఫాయిదా కాకా. గీ చెయ్యి ఇగ తాపీ పట్టది" అన్నాడు, గోడతోనే.

వెనక్కీ ముందుకూ అన్న మాట నా బుర్రలో తిరుగుతోంది. సారు కర్ర ఊపేది కూడా అలాగే కదా. మంచిమాటలకు లేవని మనిషి అబద్ధానికి లేస్తాడేమోనని ఒకటి అల్లాను.

ఆ ఖోర్‌లో మూడు రాళ్ల చోట ఒక ముసలి హమూర్ ఉందన్నాను. ఈ మధ్యే నా గాలానికి పడి, దారం తెంపుకుని పోయిందన్నాను. అబద్ధానికి కాళ్లూ చేతులూ ఉంటేనే నడుస్తుంది, కాబట్టి గుర్తులు కూడా పెట్టాను. నా ఫ్లై ఇంకా దాని పైపెదవికే ఉందన్నాను. సైట్‌లో గోడ తిన్నగా రావడానికి కట్టే గులాబీ రంగు నైలాన్ దారాన్ని పీచుగా దువ్వి కట్టాను. ఏడు చుట్లు. చూపు ఆనక చివరి చుట్టు ఎదురు తిప్పాను. సారు చెప్పినట్టు ముల్లు అరగదీశాను. ఇవన్నీ అల్లినవే.

గంగారాం ఇటు తిరిగాడు. "నిజమేనా?" అన్నాడు. నా మనవరాలి మీద ఒట్టేశాను. ఆ పిల్ల నన్ను క్షమించాలి.

వరసగా నాలుగు శుక్రవారాలు పికప్ అడిగి తీసుకుని తెల్లవారుతూనే వెళ్లాం. మొదటి వారం కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఊపాడు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా. రెండో వారం ఎడమచెయ్యి తీసేశాడు. మూడో వారానికి దారం రాళ్ల దాకా పోయింది. మధ్యలో రోజుల్లో రూమ్‌లోనే చీపురుకట్ట పట్టుకుని సాధన చేసేవాడు. అన్నం అడిగి తినసాగాడు.

ఆ మూడో వారమే స్టోర్‌లో కూర్చుని ఉండగా నా అబద్ధంలోని తప్పు నాకే కనిపించింది. ముల్లు లేని గాలం చేప మూతిలో నిలవదు. దారం కాస్త వదులైతే చాలు, ఊడిపోతుంది. అలాంటిది తెగిన దారంతో రోజుల తరబడి ఎలా ఉంటుంది? గంగారాంకు ఈ సంగతి తెలియదు గనుక సరిపోయింది. కానీ చేపే లేదని తెలిసిన రోజు మళ్లీ గోడ వైపు తిరుగుతాడేమోనని భయం పట్టుకుంది.

నాలుగో శుక్రవారం. మర్నాడే తాపీ పరీక్ష. నీళ్లు సముద్రం వైపు దిగుతున్నాయి. గంగారాం నడిమి రాయి వెనకకు విసిరి, ఎరను నెమ్మదిగా మునగనిచ్చాడు. కర్ర విల్లులా వంగింది. నేను ఎడమచెయ్యి కూడా వెయ్యమన్నాను. వెయ్యలేదు. ఆ బిగుసుకుపోయిన చేత్తోనే పట్టి, ఇంచు ఇంచుగా ఒడ్డుకు తెచ్చాడు.

హమూర్. మా ఫోర్‌మన్ అంత ఉంది. కాదు, వేలి కొన నుంచి మోచెయ్యి దాకా. అంతే.

దాని కింది పెదవికి గంగారాం ఫ్లై ఉంది. పైపెదవికి ఇంకొకటి.

నైలాన్ పీచు వెలిసినా గులాబీ రంగు తెలుస్తోంది. కళ్లద్దాలు పెట్టుకుని చుట్లు చూశాను. ఏడు. చివరిది ఎదురు. వేలితో తాకాను. గాలం కొన నున్నగా ఉంది. ముల్లు లేదు.

కళ్లద్దాలు తీసేశాను. మొత్తం ఒప్పేసుకున్నాను. అలాంటి ఫ్లై నేను ఏనాడూ కట్టలేదని, చేప సంగతే అబద్ధమని.

గంగారాం నవ్వాడు. పడినప్పటి నుంచి అతను నవ్వడం అదే మొదటిసారి. "గిన్నేండ్ల సంది అబద్ధాలు జెప్పినవ్. ఒక్కటి నిజం జెప్తే, గది గూడ అబద్ధమంటవా కాకా?"

రెండు గాలాలూ తీసి, చేపను నీళ్లలోకి వదిలేశాడు. కూర చేసుకుందామని నేను బతిమాలాను. "మూతిల గాలం వెట్టుకొని గిన్ని దినాలు బతికింది, పోనియ్యి" అన్నాడు.

ఆ ఫ్లై ఫోటో సారుకు పంపాను. తను కట్టింది కాదన్నాడు. ముల్లు లేకుండా ఎలా నిలిచిందని ఆయనే నన్ను అడిగాడు. మా క్యాంపులో ఫ్లై కట్టే మనిషి ఇంకొకడు లేడు. వేరే ఎవరో వచ్చి ఆ దారంతోనే ఏడు చుట్లు చుట్టి, చివరిది ఎదురు తిప్పారనుకుందామన్నా నా మనసు ఒప్పుకోవడం లేదు. ఎన్ని విధాల ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

పరీక్ష రోజు గంగారాం తాపీ పట్టాడు, గోడ మూల తిన్నగా తీశాడు. ఉండమన్నారు.

మొన్న సామాను దింపడానికి బౌషర్ సైట్‌కు వెళ్లాను. అతను పైన స్లాబ్ అడుగున ప్లాస్టరింగ్ చేస్తున్నాడు. మణికట్టు తిరుగుతోంది, సిమెంటు మాలు అంటుకుంటోంది. నోరు తెరుచుకుని కింద నిలబడ్డాను.

"పక్కకు జరుగు కాకా, మీద వడ్తది" అన్నాడు.

జరిగాను.