కిరాయిదారు చేతికి కాగితం

ప్రమోదినికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. మంథనిలో ఆమెను ఎరిగిన వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఒక్క మామగారికే తెలియదు. కోడలు మెల్లగా మాట్లాడిందంటే మెత్తబడిందని ఆయన లెక్క.

ఆ మామగారు జైపాల్‌రావు. బస్టాండు దగ్గర మూడంతస్తుల కాంప్లెక్స్ ఆయనదని ఊరంతా అంటుంది. నిజానికి అందులో సగం కొడుకు పేరున ఉండేది. గుండెపోటుతో కొడుకు పోయాక ఆ సగం కోడలికి వచ్చింది. దాంతోపాటు చాకిరీ కూడా వచ్చింది. కిరాయిలు వసూలు చేయడం, మోటారు చెడితే మెకానిక్కును పిలవడం, మెట్లు కడిగించడం అన్నీ ఆమె పనే. నిర్ణయం మాత్రం ఎప్పుడూ ఆయనదే.

గోదావరి నిండుగా ఉన్న ఓ వానాకాలంలో బొక్కలవాగు నీళ్లు పోయే దారి లేక ఊళ్లోకి తన్నాయి. కాంప్లెక్స్ సెల్లార్ మునిగింది. కింది మడిగెల్లో, అంటే దుకాణం గదుల్లో, నడుములోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీసేశాక బురద ఎత్తిపోయడానికి ఎంతో కాలం పట్టలేదు. అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. ఏ తీగ ఏ గోడలోంచి పోయిందో నక్షా చూపిస్తే తప్ప కరెంటు ఇచ్చేది లేదన్నారు లైన్ వాళ్లు. పిల్లర్ల డ్రాయింగు లేకుండా బిల్డింగు గట్టిదని ఎలా రాసివ్వమంటారని ఇంజినీరు అడిగాడు. కిరాయి అగ్రిమెంటు లేనిదే సామాను నష్టం కట్టివ్వలేమని బీమా వాళ్లు చేతులు దులుపుకున్నారు. నక్షా, డ్రాయింగు సెల్లార్ బీరువాలో ముద్దయిపోయాయి. ఇక అగ్రిమెంటంటారా, ఆ కాంప్లెక్సులో ఏ ఒక్క దుకాణదారుకూ అలాంటిది లేదు.

ఎందుకు లేదంటే, అది జైపాల్‌రావు నియమం. కౌలు చట్టం వచ్చిన రోజుల్లో ఆయన తండ్రి పొలం దున్నే రైతు పేరు సర్కారు దస్త్రంలోకి ఎక్కింది, భూమి రైతుదైంది. అప్పుడు జైపాల్‌రావు ఇంకా బడికి పోయే పిల్లవాడు. "కాగితం చేతికి పోయింది, భూమి పోయింది" అని తండ్రి మంచం పట్టి తలుచుకుని తలుచుకుని ఏడవడం చూశాడు. ఆ రైతు వాళ్ల తాతల నాటి నుంచీ ఆ భూమిలోనే నడుములు విరుచుకున్నాడన్న ముక్క మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. అప్పటినుంచీ కిరాయికి ఉన్నవాడి చేతికి చిన్న రసీదు ముక్క కూడా పోకూడదన్నది ఆయన పట్టు. పొలం చట్టానికీ బజారు మడిగెకూ సంబంధం లేదని వకీలు చెప్పినా చెవికెక్కలేదు.

ఆ ఏడాది కాంప్లెక్స్ దసరా దాటాక గానీ తెరుచుకోలేదు. కింది అంతస్తులో బేకరీ నడిపే మగ్దలేనమ్మ అయితే రొట్టెలు కాల్చే భట్టీని పూర్తిగా విప్పి మళ్లీ కట్టించుకోవలసి వచ్చింది. చుట్టుపక్కల చర్చిలన్నిటికీ క్రిస్మస్ కేకులు ఆమె దగ్గర నుంచే పోతాయి. ఆమె బతుకంతా ఆ నెలరోజుల మీదే ఆధారపడి ఉంటుంది. ఎలాగో ఆ పండుగను అందుకుంది.

మళ్లీ ఇలా జరగకూడదని ప్రమోదిని పట్టుబట్టింది. కాంప్లెక్స్ కట్టిన ముసలి ఇంజినీరును కరీంనగర్‌లో వెతికి పట్టుకుని, ఆయన దగ్గరున్న డ్రాయింగులకు నకళ్లు తీయించింది. మడిగె మడిగెకూ ఒక ప్లాస్టిక్ సంచి పెట్టింది. అందులో ఆ మడిగె నక్షా, తీగలు పోయిన దారి, మీటరు ఫొటో, నీళ్లు కట్టేసే వాల్వు ఎక్కడుందో చూపే బొమ్మ, సామాను ఫొటోలు, బీమా పత్రం ఉంచింది. అన్నిటికంటే పైన, ఫలానా మడిగెలో ఫలానా వారు కిరాయికి ఉన్నారని తన సంతకంతో ఒక చీటీ. ఒక సంచి దుకాణదారుకు, దాని జత పై అంతస్తులోని తన గదికి, ఫొటోలు ఫోన్లోకి. పని ముగిశాక ఆమెకు కడుపు నిండినట్టయింది.

ఆ సంతోషం ఎన్నాళ్లో మిగల్లేదు. తల్లికి బాగోలేదని జగిత్యాల వెళ్లి వచ్చేసరికి సంచులు ఒక్కటీ లేవు. స్టాంపు వేయించి తెచ్చిస్తానని జైపాల్‌రావు దుకాణం దుకాణానికీ తిరిగి పోగుచేశాడు. ఆమె గదిలోవీ తెప్పించాడు. కాగితాలు బయటికి లాగి, ఎర్ర గుడ్డలో మూటకట్టి, మళ్లీ ఆ సెల్లార్ బీరువాలోనే పెట్టాడు. నైరుతి మూలన బరువు ఉండాలట! మునిగిన బీరువాలోనే మళ్లీ పెట్టిన మనిషిని ఏమనాలి?

"వాళ్ల చేతికి కాగితమిచ్చినవా? రేపు గా చీటీ పట్టుకొని కోర్టుకు వోతరు" అని కోడలి మీద విరుచుకుపడ్డాడు. "ఫోన్ల ఉన్నయి గూడ నా ముంగటనే తీసెయ్. నా కొడుకు ఫొటో మీద చెయ్యి వెట్టి చెప్పు, ఇంక ఏడ లేవని."

దండ వేసిన ఫొటో ముందు నిలబెట్టాడు. చచ్చిపోయిన కొడుకును అడ్డం పెట్టి కోడలి నోరు కట్టేశాడు. ఆమె ఫోన్లోవన్నీ తీసేసింది. ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, చేయి పెట్టినందుకు తన మీద తనకు అంతకు మించి వచ్చింది.

మరుసటి ఏడే వాగు మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకా పైకి. సెల్లార్ కప్పు దాకా నిండింది. బీరువా తలుపు పగలగొడితే ఎర్రటి ముద్ద బయటపడింది. ప్రమోదిని పరుగున కరీంనగర్ పోతే, ముసలి ఇంజినీరు ఎండాకాలంలోనే పోయాడనీ, ఆయన పాత కాగితాలను కొడుకులు తూకానికి అమ్మేశారనీ తెలిసింది.

ఎదురుగా ఉన్న బిల్డింగు కూడా అదే నీళ్లలో మునిగింది. దాని యజమాని కిందటేడు ప్రమోదినిని చూసే కాగితాలు సర్దుకున్నాడు. ఆయన దుకాణాలు పక్షం తిరగకముందే షట్టర్లు ఎత్తాయి. ఇటు పిల్లర్లు తొలిచి లోపలి ఇనుము చూస్తే గానీ ఏమీ చెప్పలేనన్నాడు కొత్త ఇంజినీరు. కరెంటు లేదు. ఆగస్టు పోయింది, సెప్టెంబరూ పోయింది.

మగ్దలేనమ్మ ఒకరోజు ప్రమోదినిని మెట్ల దగ్గరే పట్టుకుంది.

"ప్రమోదినమ్మా, నేనేమన్న రాజ్యం అడిగిన్నా? నా మడిగెల కరెంటు తీగ ఎటు వోయిందో జూపే కాగితం, గంతే. నువ్వు ఇస్తివి, మీ మామ పట్కపాయె. నా కేకుల ఆర్డర్లు ఎదురు బిల్డింగుకు వోతున్నయ్. నేనిట్ల చూసుకుంట నిలవడాల్నా?"

"నాదే తప్పు, మగ్దలేనమ్మా."

"నీది తప్పని అన్ననా? గని నువ్వు గా ముసలాయనకు ఎందుకు భయపడ్తున్నవో నాకు ఇంతవరకు సమజ్ కాలే."

దసరా తర్వాత ఆమె భట్టీ విప్పి ట్రాలీ ఎక్కించి, మందమర్రిలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. ఒక్కొక్కరే అందరూ ఖాళీ చేశారు. జైపాల్‌రావు మూసిన షట్టర్ల ముందు కుర్చీ వేయించుకుని కూర్చుని, "పోతె పోనీ, పీడ వోయింది. ఇంక కబ్జా వెట్టేటోడు లేడు" అన్నాడు. ప్రమోదినికి ఒళ్లు మండిపోయింది.

"కబ్జా వెట్టెతందుకు మనిషే లేడు, మామయ్యా. ఇంక దీన్ని గబ్బిలాలకు కిరాయికియ్యుండ్రి" అంది, చాలా మెల్లగా.

ఆయన కుర్చీ నీడలోకి జరుపుకున్నాడు.

నవంబరులో వరద నష్టం లెక్కగట్టే అధికారులు వచ్చి కొలతలు తీసుకున్నారు. వ్యాపారం నడిచిన భవనాలకే ముందుగా మరమ్మతు అనుమతి, సాయం. ఖాళీగా ఉన్న వాటి సంగతి తర్వాత చూస్తామన్నారు. వరద నాటికి దుకాణాలున్నాయని రుజువు కావాలి. అగ్రిమెంటు చూపించాలి, అది లేకపోతే కిరాయిదారు రాసిచ్చిన వాంగ్మూలమైనా సరే. రుజువు లేకపోతే ఈ భవనం వరస చివరికి పోతుంది, అప్పటిదాకా సీలు.

జైపాల్‌రావు మొదటిసారి కంగారుపడ్డాడు. "మగ్దలేనమ్మ మంచి మనిషి. అడిగితె కాదనది" అని కోడలిని కారు తీయమన్నాడు.

మందమర్రి కార్మికుల కాలనీలో వెనకింటి రేకుల కింద మగ్దలేనమ్మ బన్నులు కాలుస్తోంది. వచ్చిన వాళ్లను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. ఆయన జేబులోంచి మడిచిన తెల్లకాగితం తీశాడు.

"జర ఒక్క సంతకం వెట్టు. ఇరవై ఏండ్ల సంది నా దగ్గర కిరాయికి ఉన్ననని."

"ఉన్ననా, రావుసాబు?" అంది ఆమె. "రుజువేది? అగ్రిమెంటు అడిగితె నా మీద నమ్మకం లేదా అన్నరు. రసీదు అడిగితె నవ్విండ్రు. ప్రమోదినమ్మ ఇచ్చిన ఒక్క చీటీ గూడ స్టాంపు వేయిస్తనని పట్కపోయిండ్రు. ఇయ్యాల మీకు అక్కరొచ్చిందని నేను రాసియ్యాల్నా?"

"ఇప్పుడు గా పాత ముచ్చట్లెందుకు?"

"మరి మొదలు మీరు రాయుండ్రి. నేను మీ మడిగెల కిరాయికున్ననని, బాగైనంక గదే మడిగె నాకిస్తమని. గప్పుడు నేను సంతకం జేస్త. నాకు గూడ అక్కడికే రావాలనుంది."

జైపాల్‌రావు పెన్ను మూత తీశాడు. కాగితం వైపు చాలాసేపు చూశాడు. మూత పెట్టేసి, కాగితం అక్కడే వదిలేసి, "పొద్దు వోతుంది, పోదాం" అని లేచాడు.

కారు మంచిర్యాల దాటుతుండగా ఆయన ముఖం విప్పారింది. గెలిచిన మనిషిలా కోడలి వైపు తిరిగాడు.

"చూసినవా? ఆఖరికి కాగితమే అడిగింది. నేను ముందే చెప్పలే?"

ప్రమోదిని కారు పక్కకు ఆపింది. అంత మాట అన్న మనిషిని ఒకసారి పూర్తిగా చూసింది. తర్వాత స్టీరింగు తిప్పి బండిని వచ్చిన దారినే పోనిచ్చింది.

"ఎటు?"

"మగ్దలేనమ్మ ఇంటికి. సగం నాది. నా సంతకం సాలు."

ఆయన అరిచాడు, బతిమాలాడు, వంశం అన్నాడు, పరువు అన్నాడు. ఆమె వేగం తగ్గించలేదు. కాలనీలో కారు ఆపి, ఆయనను అందులోనే ఉంచి లోపలికి వెళ్లింది. ఆయన తెచ్చిన ఆ తెల్లకాగితం మీదే రాసి సంతకం చేసింది. మగ్దలేనమ్మ పిండి చేతులు తుడుచుకుని, రెండుసార్లు చదివి, తన వాంగ్మూలం వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టింది. రెండు కాగితాలకూ అక్కడే ఫొటోలు తీసి, ఖాళీ చేసిపోయిన దుకాణదారులందరికీ పంపింది ప్రమోదిని. మీకూ ఇలాగే రాసిస్తాను, రండి అని కింద రాసింది.

కారెక్కేసరికి జైపాల్‌రావు అద్దం వైపు ముఖం తిప్పుకుని ఉన్నాడు.

"ఏం రాసిచ్చినవ్?" అన్నాడు.

"చిన్నప్పటి సంది మీరు దేనికి భయపడ్తున్నరో, గదే" అంది ప్రమోదిని.