మా పాపకు లేని ఆయాసం

నేను ఏడో తరగతితో బడి మానేశాను. నేను వెళ్లిపోయాకే మా తరగతికి చదువు వచ్చిందని మా సారు చెప్పుకునేవాడట. ఇప్పటికీ నలుగురిలో కూర్చుంటే నవ్వించకుండా లేవను. చిక్కడపల్లి చాయ్ హోటల్లో ఎవరినడిగినా చెప్తారు. కానీ ఒక్క మాట మాత్రం ఇన్నేళ్లుగా లోపల మోస్తున్నాను. దాన్ని కూడా జోకు చేసి చెప్పేద్దామని చాలాసార్లు చూశాను. కుదరలేదు. అందుకే మీకు రాస్తున్నాను. మీరు నన్ను ఎరగరు. అదే నా ధైర్యం.

నేను జాకెట్లు కుట్టేవాణ్ని. మొదట నారాయణగూడలో ఒకరి షాపులో. నా భార్య పోయేటప్పటికి మా రజితకు మూడేళ్లు. పిల్లను చూసేవాళ్లు లేక మిషన్ ఇంటికి తెచ్చుకున్నాను. అశోక్‌నగర్ సందులో, మెట్లెక్కి రావాల్సిన చిన్న కిరాయి ఇల్లు. పిల్లకు జడలు వేసి, బడికి పంపి, హుక్స్ కుట్టి, అన్నం వండి, మళ్లీ బడి గేటు దగ్గర నిలబడేవాణ్ని. తల్లుల గుంపులో నేనొక్కణ్నే మగవాణ్ని. వాళ్లు కాస్త జరిగి నిలబడేవాళ్లు. తప్పు పట్టను.

చెప్పిన రోజుకు జాకెట్ ఇవ్వడం ఏ టైలర్‌కూ చేతకాదు. కరెంటు పోయిందంటాడు ఒకడు, కాజాలు కుట్టే మనిషి ఊరెళ్లాడంటాడు ఇంకొకడు. నా సాకు వేరు. మొదటిసారి అది సాకు కాదు, నిజమే. రజిత బళ్లో చెప్పే సుభద్ర టీచర్ గారు పెళ్లికి తొడుక్కోవాల్సిన జాకెట్ కోసం కోపంగా మెట్లెక్కి వచ్చారు. పాపకు జ్వరం, ఒళ్లు కాలిపోతోందని చెప్పాను. ఆవిడ ముఖం మారిపోయింది.

“అయ్యో, తల్లి లేని పిల్ల! జాకెట్‌దేముందండీ, ముందు పాపను చూసుకోండి” అన్నారు. సాయంత్రం చారన్నం పంపించారు.

తర్వాత ఇంకెవరికో ఆలస్యమైంది. అప్పుడు రజిత కింద సందులో శుభ్రంగా ఆడుకుంటోంది. అయినా నా నోట అదే మాట వచ్చింది.

జ్వరంతో చిక్కేమిటంటే, అది తగ్గాలి. ఆయాసానికి ఆ ఇబ్బంది లేదు. ఎప్పుడైనా రావచ్చు, ఎంతకాలమైనా ఉండొచ్చు. టైలర్‌కు అంతకన్నా అనువైన జబ్బు లేదు. చూశారా, దీన్ని కూడా నవ్వించేలాగే చెప్తున్నాను.

పని కోసమే అన్నానా ఆ మాట? అలాగే అనుకునేవాణ్ని. ఇప్పుడు వెతుక్కుంటే లోపల ఇంకేదో కనిపిస్తోంది. జాకెట్ తీసుకుని గిర్రున తిరిగి వెళ్లిపోయేవాళ్లు, పాప మాట ఎత్తితే గుమ్మంలో కాసేపు నిలబడేవాళ్లు. “పాపకెట్లుంది అన్నా?” అని అడిగేవాళ్లు. పొద్దంతా మిషన్ చప్పుడు తప్ప పెద్ద మనిషి గొంతు వినని నాకు, ఆ ప్రశ్న నన్నే అడుగుతున్నట్టు ఉండేది. జాకెట్ వేళకే సిద్ధంగా ఉన్న రోజున కూడా ఆయాసం అన్నాను. ఎందుకన్నాను? మీకు తెలిస్తే చెప్పండి.

మాట సందంతా పాకింది. పిల్లలు ఉరుకులాడుతుంటే తల్లులు రజితను మెట్ల మీద కూర్చోబెట్టేవాళ్లు. జాలితోనే. బడిలో పరుగు పందేనికి పిల్లల్ని ఎంచిన రోజు, సుభద్ర టీచర్ గారే రజితను పక్కన కూర్చోమన్నారు. ఆ సాయంత్రం రజిత బ్యాగు కూడా దించకుండా వచ్చి మిషన్ పక్కన నిలబడింది.

“నాన్నా, నాకు ఆయాసముందా?”

“ఎవరన్నరు?”

“టీచర్. నువ్వే చెప్పినవంట. నాకెప్పుడొచ్చింది? అందరికన్న ముందు నేనే ఉరుకుత కదా!”

మిషన్ ఆపాను. లేదు బిడ్డా, నేనే అబద్ధమాడాను అంటే? పిల్ల కదా, మర్నాడే బళ్లో చెప్పేస్తుంది. మిషన్ మీద ఉన్నవి ఆ టీచర్ గారి చెల్లెలి జాకెట్లే.

“జరంత ఉంది బిడ్డా. నీకు తెల్వదు, నిద్రల వస్తది. ఉరకకు. పెద్దగైతే పోతది.”

నమ్మింది. తలూపి, మెల్లగా లోపలికి నడిచి వెళ్లింది. అంతకుముందు ఆ ఇంట్లో ఆ పిల్ల నడవగా నేను చూడలేదు. ఎప్పుడూ ఉరుకులే.

పెద్దయింది. ఆయాసం పోలేదు. లేనిది ఎలా పోతుంది? కాపురం బర్కత్‌పురలో, ఉద్యోగం బషీర్‌బాగ్‌లో. ఆఫీసులో లిఫ్ట్ చెడిపోతే బాగయ్యేదాకా కిందే నిలబడుతుందట. అందరూ కలిసి గుట్ట ఎక్కడానికి వెళ్తే తను బస్సులో కూర్చుని సామాన్లకు కాపలా కాస్తుందట. ఆదివారాలు నన్ను చూడటానికి వస్తుంది. “నా చిన్నప్పుడు ఒక్కనివే ఎంత తిప్పలపడ్డవో నాన్నా, అసలే రోగం పిల్లను” అంటుంది. ఆమె వెళ్లాక ఆ మాటా నేనూ మిగులుతాం ఇంట్లో. చాయ్ హోటల్లో నా జోకులకు నవ్వేవాళ్లలో ఒక్కడు కూడా ఇప్పటిదాకా నా మెట్లెక్కలేదు. ఎవరైనా వచ్చి ఉంటే ఎప్పుడో కక్కేసేవాణ్నా? ఏమో. అది కూడా సాకే కావచ్చు.

మొన్న ఇందిరా పార్కులో నా మనవరాలు “ఉరుకుదాం రా మమ్మీ” అని రజిత చున్నీ పట్టి లాగింది.

“నాకు ఆయాసం బిడ్డా. ఉరకొద్దు. తాతను అడుగు” అంది రజిత.

ఆ చిన్నది నా వైపు తిరిగింది. ఈసారి ఈ కళ్లకు కూడా అదే చెప్పాలా?

చెప్పలేకపోయాను. పిల్లను జారుడుబల్ల దగ్గరికి పంపి, బెంచీ మీద నేల చూస్తూ రజితకు అంతా చెప్పాను. మొదటి జ్వరం, ఆ తర్వాతి అబద్ధాలు, గుమ్మంలో నిలబడే మనుషుల కోసం నేను పడ్డ ఆశ, నిద్రలో వచ్చే ఆయాసం. జోకు ఒక్కటీ కలపలేదు. క్షమించమని అడగలేదు. అడిగితే తండ్రిననే జాలికి క్షమించేస్తుందేమోనని భయం. చెప్పేశాక గుండె తేలికైంది, అబద్ధమెందుకు. ఆ బరువు ఇప్పుడు ఆమెకు ఎక్కిందని తెలిసి కూడా తేలికైంది.

రజిత జారుడుబల్ల వైపే చూస్తూ కూర్చుంది. నేనే అన్నాను:

“ఎప్పుడో చెప్పాల్సింది బిడ్డా. లేటైంది.”

నా ముఖంలోకి చూసింది. నవ్వలేదు.

“లేటైందా? ఈసారి ఎవరికి జ్వరమొచ్చింది నాన్నా?”