కల్లంలో నా సగం

స్కేట్‌బోర్డు తొక్కడమే నా ఉద్యోగం. బోర్డులూ బూట్లూ ఒక కంపెనీ ఇస్తుంది, పోటీలకు పంపిస్తుంది. పోటీలు లేనప్పుడు నిజామాబాద్‌లో ఆడపిల్లలకు నేర్పుతాను. బస్సులో పక్క సీటు వాళ్లు "ఏం జేస్తవ్ బిడ్డ?" అంటే ఉన్నదే చెబుతాను. "గిది గూడ నౌకరేనా?" అని నవ్వుతారు. నౌకరే. వాళ్ల నౌకరీలో మోకాళ్లు చీరుకుపోవు, అంతే తేడా.

మాది వర్ని దగ్గరి ఊరు. కాలువ నీళ్లు, రెండు పంటలూ వరే. కోతలు మొదలైతే ఊళ్లో రోడ్డు సగం బండ్లకు, సగం వడ్లకు. రోడ్డు మీద వడ్లు ఆరబోయడం మా బాపుకు నామోషీ. అందుకే ఇంటి వెనక సిమెంటు కల్లం పోయించాడు. మేస్త్రీని పక్కకు జరిపి, నున్నగా వచ్చేదాకా తనే రుద్దాడు. ఎంత వాన కొట్టినా దాని మీద చుక్క నీళ్లు నిలవవని వచ్చినవాళ్లకల్లా చూపించేవాడు.

సెలవులకొచ్చిన మేనమామ కొడుకు విసుగు పుట్టి వదిలేసి పోయిన బోర్డు ఆ కల్లం మీదే నా చేతికి చిక్కింది. మా అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ దాన్ని పీట అనేది. "కూసుండే పీట మీద నిలవడి ఉరుకుడేందే?" అని ఇల్లెగిరిపోయేలా అరిచేది. నేను వింటేగా! వడ్లు ఎత్తిన మర్నాటి నుంచి మళ్లీ వడ్లు పోసేదాకా కల్లం నాదే. ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను, పడి నేర్చుకున్నాను. నాకంటే బాగా తొక్కేవాళ్లు ఎక్కడో ఉంటారని అప్పుడు తోచనే లేదు.

డిగ్రీలో ఉండగా హైదరాబాద్‌లో రాష్ట్ర జట్టు ఎంపికలు పెట్టారు. బాపు ఒకటే మాట అన్నాడు. "జట్టుల తీస్కుంటే ఆడు, నేనేమనను. తీస్కోకుంటే పీట అటక మీదికి పోవాలె. సదువుకుందువు." సరేనన్నాను. ఓడిపోతానన్న అనుమానం ఉంటే కదా బేరమాడడానికి.

ఒక్కొక్కరికి రెండు అవకాశాలు. మొదటిసారి నేను నాలుగు గజాలు కూడా సరిగ్గా పోలేదు. బోర్డు తనంతట తను కుడికి లాగుతోంది. దూకినప్పుడల్లా పక్కకు దిగుతున్నాను. చివరికి అందరి ముందూ బొక్కబోర్లా పడ్డాను. సిగ్గుతో చెవులు మండిపోయాయి. నా కాళ్లకు ఏదో జబ్బు చేసిందనుకున్నాను.

నాకు తోడొచ్చిన బాపు కూర్చున్న చోటికొచ్చి, బోర్డు కింద పెట్టి నీళ్ల సీసా అందుకున్నాను. బోర్డు పెట్టిన చోటే ఉంది. దాన్నే చూస్తూ ఉండిపోయాను. మా కల్లం మీద దాన్ని అట్లా వదిలితే తనే దొర్లుకుంటూ మోరీ కాలువ దాకా పోయేది. ఇన్నేళ్లూ పరుగెత్తి పట్టుకోవడం అలవాటైంది గానీ ఎందుకు దొర్లుతుందో ఆలోచించలేదు. బాపూ బోర్డునే చూస్తున్నాడు.

"గీడ వాలు లేదు బిడ్డ," అన్నాడు మెల్లగా. "మన కల్లంల నీళ్లు పోవాలని ఎడమ దిక్కు వాలు పెట్టిచ్చిన."

అదీ సంగతి. నేనెప్పుడూ ఇంటి దిక్కు నుంచే తొక్కేదాన్ని. నీళ్లు ఎడమకు పోవాలి కాబట్టి నేను కుడికి ఒరిగి నేర్చుకున్నాను. తప్పంతా తనదే అన్నట్టు బాపు తల దించుకున్నాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. జబ్బు నా కాళ్లది కాదు!

ఒంటికి పట్టిన ఒరుగుడు అరగంటలో పోదు. అందుకే రెండోసారి చదును నేల జోలికే పోలేదు. చుట్టూ కట్టిన వాలు గోడల్ని మిగతావాళ్లు ఎక్కి దిగుతుంటే, నేను వాటి మీదే అడ్డంగా తిరిగాను. ఎడమకు పల్లం ఉంటే నన్ను పడేసేవాడు ఇంకా పుట్టలేదు. జట్టులో ఆఖరి పేరు నాది. ఆఖరిదైనా పేరు పేరే.

ఊరికొచ్చిన వారానికి బాపు మేస్త్రీని పిలిచి సగం కల్లం మీద సిమెంటు పోయించి చదును చేయించాడు. అవ్వ నెత్తి కొట్టుకుంది. "నీళ్లు నిలుస్తయి, వడ్లు మొలకలొస్తయి, మతి గిట్ల పోయిందా నీకు?"

"వడ్లకు సగం సాలు," అన్నాడు బాపు. "సగం బిడ్డది."

ఆ యాసంగి కోతల్లో సగం కల్లంలో వడ్లు మందంగా పోసి, తిరగేసి తిరగేసి ఆరబెట్టారు. ఊరంతా అమ్ముకున్నా మావి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అప్పుడే చెడగొట్టు వాన పడింది. వడ్ల మీద టార్పాలిన్ పరదాలు కప్పి లోపలికి ఉరికాం.

వాన వెలిశాక ఏ రైతైనా ముందు పరదా ఎత్తి వడ్లు చూసుకుంటాడు. నేను బయటికొచ్చేసరికి బాపు వంగి, గోనెసంచితో నా సగం మీది నీళ్లు తుడుస్తున్నాడు. నన్ను చూసి, "జరసేపాగు, ఆరుతది," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. బోర్డు గోడకు ఆనించి, పోయి వడ్ల మీది పరదా ఎత్తాను.