భరణి ఎడమ మణికట్టు

చీపురుపల్లి మెయిన్ రోడ్డులో బెల్లం, పప్పుల వ్యాపారం చేసే నారాయణమూర్తికి టెన్నిస్ అంటే టీవీలో చానల్ మార్చేటప్పుడు కనబడే ఆట, అంతే. కూతురు భరణికి తొమ్మిదేళ్లప్పుడు మాటిమాటికీ ఆయాసం వస్తుంటే, ఏదో ఒక ఆటలో పెట్టమని డాక్టరు చెప్పాడు. విజయనగరంలో నారాయణమూర్తికి తెలిసిన హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన అక్కడి క్లబ్బులో సభ్యుడు. ఆయనే పిల్లను తీసుకురమ్మన్నాడు.

ఆ క్లబ్బులో ఉన్నది ఒకే ఒక్క ఎర్రమట్టి కోర్టు. దాన్ని తడిపి, రోలరు తిప్పి, సున్నంతో గీతలు గీసే మనిషి పేరు గంగులు. పదహారేళ్ల వయసులో కళింగపట్నం నుంచి ఆ పనికి వచ్చాడు. జత కుదరని రోజున ఆఫీసర్లు అతన్నే అవతల నిలబెట్టి ఆడేవారు. అలా ఆడీ ఆడీ, ఎవరూ నేర్పకుండానే, వాళ్లందరినీ ఓడించగలిగేంత ఆట నేర్చుకున్నాడు. కానీ వాళ్లని ఓడించేవాడు కాదు. కోచ్‌నని చెప్పుకోవడానికి అతని దగ్గర ఒక్క కాగితం కూడా లేదు.

మొదటి రోజు గంగులు పాపకి ఓ ఇరవై బంతులు విసిరాడు. సగానికి పైగా తగల్లేదు. అయినా అతను బుట్ట పక్కన పెట్టి నారాయణమూర్తి దగ్గరకి వచ్చాడు.

"సావుకారు గారూ, పిల్లలందరూ బంతిని సూస్తారు. మీ పాప బంతి ఎక్కడికొస్తాదో అక్కడికి ముందే ఎల్లిపోతన్నాది. ఇది ఒకరు నేర్పితే వచ్చేది కాదు. రేపట్నించి తెండి."

ఏడేళ్ల పాటు తెల్లవారుజాము పాసింజరులో తల్లి ధనలక్ష్మి భరణిని విజయనగరం తీసుకెళ్లింది. బడి వేళకి మళ్లీ వెనక్కి. రైలు ఆలస్యమైన రోజున ప్లాట్‌ఫారమ్ మీదే పిల్ల తాడాట ఆడేది. ఆదివారాలు గంగులు కళింగపట్నంలో తన అన్నగారింటికి రమ్మని, సముద్రపు ఒడ్డున తడి ఇసుకలో పరుగెత్తించేవాడు. ఎండబెట్టిన చేపల వాసనకి భరణి ముక్కు మూసుకునేది. "ముక్కు మూసుకుని పరిగెడితే ఊపిరెలాగే?" అని అతను నవ్వేవాడు. ఆయాసం ఎప్పుడు పోయిందో ఇంట్లో ఎవరూ గమనించలేదు.

పద్నాలుగేళ్లకి రాష్ట్రంలో మొదటి స్థానం. పదహారేళ్లకి జాతీయ పోటీల్లో ఫైనల్. అది చూసి హైదరాబాదులోని ఒక అకాడమీ వాళ్లు ఉచితంగా ఉంచుకుని నేర్పుతామన్నారు. ఈ సంగతి గంగులుకి ఎలా చెప్పాలో తెలియక నారాయణమూర్తి ప్రయాణం ముందు రోజు దాకా నాన్చాడు. చివరికి భరణే చెప్పింది. గంగులు గీతలు గీస్తున్నవాడల్లా నిలబడి, సున్నపు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"ఎల్లు తల్లీ. నాకొచ్చిందంతా నీకు సెప్పీసినాను. ఇంక నా దగ్గరేటీ నేదు."

భరణి పందొమ్మిదో ఏట మహిళల ప్రొఫెషనల్ పోటీల్లో అడుగుపెట్టింది. అన్నిటికన్నా కింది మెట్టు పోటీలవి. కోర్టు చుట్టూ చూసేవాళ్లు కూడా ఉండరు. అయినా అక్కడ గెలిస్తేనే ప్రపంచ ర్యాంకుల పట్టికలోకి పేరు ఎక్కుతుంది. నాగపూర్‌లో సెమీఫైనల్ ఆడింది. మరో ఊళ్లో ఫైనల్ దాకా వెళ్లింది. పట్టికలో ఆమె పేరు ఎనిమిది వందల ముప్ఫై ఒకటో వరసకి చేరిన సోమవారం నారాయణమూర్తి దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకీ ఫోను చూపించాడు. "ప్రెపంచంలో" అని వేలితో తెర మీద కొట్టి మరీ చెప్పాడు. అరసవల్లిలో మొక్కు తీర్చి వచ్చిన ధనలక్ష్మి వీధిలో అందరికీ ప్రసాదం పంచింది.

ఆ ఆటలు గంగులు కూడా చూసేవాడు. కోర్టు వెనక సామాన్ల గదిలో కూర్చుని, ఫోనులో వచ్చే మసక బొమ్మలోనే. ఒక రోజు అతనికి ఒకటి కనబడింది. రెండు చేతులతో బ్యాక్‌హ్యాండ్ కొట్టాక భరణి ఎడమ చేతిని రాకెట్టు మీంచి తొందరగా తీసేస్తోంది. వేడి గిన్నె పట్టుకున్నట్టు. పాయింటుకీ పాయింటుకీ మధ్య ఆ చెయ్యి దులుపుతోంది. మణికట్టు పోతోందని అతనికి అర్థమైంది. ఫోను చెయ్యాలని నంబరు తీశాడు. అక్కడ కోచ్‌లున్నారు, డాక్టర్లున్నారు. సున్నం గీసేవాడు చెప్పడమేమిటనిపించి మానేశాడు.

నొప్పి సంగతి భరణికి నాలుగు నెలలుగా తెలుసు. కొంచెమేనని అకాడమీలో అబద్ధం చెప్పింది. టేపు చుట్టుకుని, మాత్రలు వేసుకుని ఆడింది. ఎందుకంటే థాయ్‌లాండ్ పోటీల్లో ఆమెకి తొలిసారి అర్హత పోటీలు లేకుండా నేరుగా చోటు దొరికింది. ఇప్పుడు ఆగితే వెనకబడతాననుకుంది. అక్కడ రెండో రౌండులో బలంగా వచ్చిన బంతికి ఎదురు కొట్టినప్పుడు మణికట్టులో ఏదో తెగిన చప్పుడు తనకే వినబడింది. రాకెట్టు చేతిలోంచి జారి కింద పడింది.

హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. ఏడు నెలల తర్వాత ఆడితే నొప్పి మళ్లీ వచ్చింది. మళ్లీ కోశారు. ఈలోగా పాయింట్లు రాలిపోతూనే ఉన్నాయి. ఆ ఆటలో సంపాదించిన పాయింటు ఏడాది మాత్రమే ఉంటుంది. నాగపూర్‌వి ఒక వారం పోయాయి. ఫైనల్‌వి ఇంకో వారం.

రెండో ఆపరేషన్ తర్వాత షోలాపూర్‌లో అర్హత పోటీ ఆడింది. అవతల పద్నాలుగేళ్ల పిల్ల. భరణి రెండో చెయ్యి వెయ్యలేకపోతోందని ఆ పిల్ల మూడో గేముకే కనిపెట్టింది. అక్కణ్ణించి ప్రతి బంతీ బ్యాక్‌హ్యాండ్‌కే. ఒంటి చేత్తో బంతిని కోసినట్టు కొట్టి పంపడం తప్ప భరణి చెయ్యగలిగింది లేదు. ఆరు ఒకటి, ఆరు సున్నా. ఆ పిల్ల మీద ఆమెకి కోపం రాలేదు. ఆ చోట తానున్నా అదే చేసేది.

మూడో ఆపరేషన్ వల్ల ఉపయోగం లేదని సర్జను చెప్పేశాడు. "రాసుకోవచ్చు, వంట చేసుకోవచ్చు, స్కూటీ నడపొచ్చు. మామూలు జీవితానికి ఏ ఇబ్బందీ ఉండదమ్మా" అన్నాడు. అకాడమీలో ఆమె మంచం ఇంకో అమ్మాయికి ఇచ్చారు.

ఇంటికి వచ్చిన కొన్నాళ్లకి ఒక సోమవారం పొద్దున్న నారాయణమూర్తి ఫోను పట్టుకుని గుమ్మంలోకీ వీధిలోకీ తిరుగుతున్నాడు.

"ఏటో, సిగ్నల్ నేదేమో. పట్టిక రావట్లేదు."

భరణి ఫోను తీసుకుని చూసి తిరిగి ఇచ్చింది. "నెట్టు బానే ఉన్నాది నాన్నా. నా పేరే నేదు."

ఆయన ఫోను జేబులో పెట్టుకుని కొట్టు తియ్యడానికి వెళ్లిపోయాడు.

ఆ వారమే ఆమె ఒక్కతే విజయనగరం వెళ్లింది. గంగులు బుట్ట తీసుకుని అవతల నిలబడ్డాడు. వరసగా ఫోర్‌హ్యాండ్‌కే వేశాడు. కాసేపయ్యాక భరణి ఆగిపోయింది.

"మాస్టారూ, ఎడం పక్కకి వెయ్యండి."

"ఏలమ్మా? ఈ పూటకి ఇలా ఆడుదుం."

"వెయ్యండి."

అతను మెల్లగా వేశాడు. ఆమె రెండు చేతులతో కొట్టింది. బంతి నెట్టుకి తగిలింది. ఇంకోటి. అదీ అంతే. పెదవులు బిగించి ఆమె కొడుతూనే ఉంది. ఎనిమిదో బంతికి ఎడమ చెయ్యి దానంతటదే రాకెట్టుని వదిలేసింది. గంగులు బుట్ట కింద పెట్టి నెట్టు దగ్గరకి వచ్చాడు.

"నేను ముందే సూసినాను తల్లీ. ఫోన్లోనే తెలిసిపోనాది. ఆడకని ఒక్క ముక్క సెప్పీవలసింది. సెప్పనేదు. నాకు బయిమేసినాది."

"సెప్పినా నేను విననుగా."

"వినకపోదువు. అయినా సెప్పీవలసింది."

ఆమె రాకెట్టు సంచిలో పెట్టుకుంది. అతను స్టేషను దాకా వస్తానంటే వద్దంది. ఆ తర్వాత ఆ కోర్టుకి ఆమె వెళ్లలేదు.

ఇప్పుడు భరణికి ఇరవై మూడేళ్లు. పదో తరగతి తర్వాత చదువు సాగలేదు కనుక, ఇంటర్ పరీక్షలకి ప్రైవేటుగా కడుతోంది. తనకంటే ఆరేళ్లు చిన్నపిల్లలతో కలిసి ట్యూషనుకి పోతోంది. వాళ్లు అక్కా అని పిలుస్తారు. ఏ ఆట ఆడేదో వాళ్లలో ఎవరికీ తెలియదు. ఆమె చెప్పదు. మబ్బు పట్టిన రోజున మణికట్టు లాగుతుంది.

దుకాణంలో పాతవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. "మీ పాప ఇప్పుడు ఏ దేశంలో ఆడతన్నాది సావుకారూ?"

"సదువుకుంటన్నాది" అంటాడు నారాయణమూర్తి, తూకం వైపు చూస్తూ. దుకాణం వెనక గదిలో పుస్తకం ముందు కూర్చున్న భరణికి ఆ మాట రోజూ వినబడుతుంది.