రేడియోలో కూత

ఒమాన్‌లోని సూర్ అనే ఊళ్లో నేను వంట చేసే ఇంట్లో రెండు రేడియోలు మోగుతాయి. ఒకటి ఇంటి పెద్దామెది. సముద్రం ఎట్లా ఉందో, ఏ పాత పాట వేస్తారో వినందే ఆమె కాఫీ ముట్టదు. రెండోది నా ఫోనులో వచ్చే మా కడప వైపు రేడియో.

చిన్నప్పుడు శెనక్కాయలు ఒలుస్తూ ఇంటిల్లిపాదీ ఆ రేడియో వినేవాళ్లం. ఏడాదికోసారి అందులో కాలేజీల కబడ్డీ పోటీలు చెప్పేవాళ్లు. ఎవరు గీత దాటారో, ఎవరు దొరికిపోయారో చెప్పే ఆయన గొంతును బట్టే తెలిసిపోయేది. ఒకసారి ఔటివ్వడం అన్యాయమని మా నాన్న రేడియోను తిట్టి, దానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

ఈ ఏడాది ఆ పోటీల ఫైనల్లో నా కూతురు ఆడింది. డిగ్రీ చదువుతూ కాలేజీ జట్టులో కూతకు వెళ్తుంది. దాని ఆట నేను ఒక్కసారీ చూడలేదు. రేడియోలోనైనా వినాలని, ఆ మధ్యాహ్నం నన్నెవరూ పిలవొద్దని ఇంట్లో ముందే చెప్పేశాను. వంటమనిషి పెట్టే ఆంక్షలకు పెద్దామె పడీ పడీ నవ్వింది.

తీరా ఫైనల్ ముందురోజు రేడియోవాళ్లు చల్లగా కబురు చెప్పారు. ఈసారి ప్రసార హక్కులు ఏదో యాప్ కంపెనీకి అమ్మేశారట. ఆట జరుగుతుండగా రేడియోలో చెప్పడానికి వీల్లేదట. పరుగున ఆ యాప్ ఎక్కించుకుంటే, నేనున్న దేశంలో అది రాదని తెర మీద చూపించింది. ఒళ్లు మండిపోయింది. నా కూతురి పరుగు మీద ఎవరెవరికో హక్కుంది, నాకు లేదు! ఆ కోపమంతా ఉల్లిపాయల మీద చూపించాను. ఆ పూట కూరను ఇంట్లో అందరూ బుద్ధిగా తినేశారు.

మరునాడు ఆట అయ్యాక మెసేజ్ వచ్చింది. "గెలిచినాం మా." అంతే. గరిటె చేతిలో ఉండగానే ఎగిరి గంతేశాను, ఆ వెంటనే చిరాకేసింది. ఎట్లా గెలిచారు? అదేం చేసింది? దెబ్బలేమైనా తగిలాయా? మా ఇద్దరి మాటలూ వాయిస్ మెసేజ్‌లలోనే. నన్నెవరైనా పిలిచేలోపే అనుకున్నవన్నీ గడగడా అనేస్తాను. అదేమో రెండు ముక్కలతో సరిపెడుతుంది. ఈసారీ అంతే. "సాయంత్రం రేడియో పెట్టుకో మా."

టీ పెట్టే వేళకు పెట్టాను. "ఆట జరిగేటప్పుడు చెప్పే హక్కు మాకు లేకపాయ. ఆడినోళ్లు వాళ్ల ఆట చెప్పుకునే హక్కు మాత్రం ఎవురూ కొనలేదు" అంటూ రేడియో ఆయన గెలిచిన పిల్లలందరినీ స్టూడియోకు పిలిపించాడు. పెద్దామె తన రేడియో కట్టేసి, నా పక్కన ముక్కాలి పీట లాక్కుని కూర్చుంది.

నా కూతురి గొంతు వచ్చింది. చివరి కూతలో ఇద్దరిని ముట్టిందట. ఒకమ్మాయి కాలు పట్టి లాగుతున్నా వేళ్ల కొసలతో గీత అందుకుందట. ఇంత మాటకారి ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో!

"అంతసేపు ఊపిరి ఎట్ల నిలబెట్టినావు పాపా?" అని ఆయన అడిగాడు.

"మాయమ్మ ఒమాన్‌లో ఉంటాది సార్. మెసేజ్ పెడితే గుక్క తిప్పుకోదు. తిన్యావా, పడుకున్యావా, మోకాలికి పట్టీ కట్టుకున్యావా అని అన్నీ ఒకే ఊపిరిలో అడుగుతాది. కూతకు పోయినప్పుడు అదే తలుచుకుంటా. మాయమ్మ ఆపేదాకా నేనూ ఆపను."

స్టూడియోలో అందరూ నవ్వారు. వచ్చే ఏడు ఆటను మాటల్లో చెప్పే హక్కయినా రేడియోకు వదలమని కాలేజీలను అడుగుతామని ఆయన అంటే, పిల్లలు మేమూ వచ్చి అడుగుతామని ఒకటే గోల.

"ఏమంటోంది నీ కూతురు?" అని పెద్దామె అరబ్బీలో అడిగింది.

"నన్నే ఆటపట్టిస్తోంది" అన్నాను కళ్లు తుడుచుకుంటూ. ఎంత సంతోషం వేసిందో చెప్పడానికి నాకొచ్చిన అరబ్బీ సరిపోలేదు.

కార్యక్రమం అయ్యాక మెసేజ్ పెడదామని మైకు గుర్తు నొక్కి పట్టుకున్నాను. తెలుగులోనూ మాట రాలేదు. పొయ్యి మీద టీ మరిగే చప్పుడు మాత్రమే అందులో పడింది. దాన్నే పంపించాను.

జవాబు వెంటనే వచ్చింది, నవ్వుతూ.

"కూత తెగిపాయ మా. నువ్వు ఔటు."