పేరూ నంబరూ లేని బొమ్మ

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేను. డిగ్రీలో కంప్యూటర్లు చదివాను, ఊరి సచివాలయంలో ఉద్యోగం చేస్తున్నాను. పక్కింటి ఆవిడ మిద్దె మీద ఎవరో నడుస్తున్నారని వణికిపోతే, నిచ్చెన వేసుకుని ఎక్కి పిల్లిని పట్టుకొచ్చి ఆవిడ ఒళ్లో పెట్టినదాన్ని. ఇప్పుడు నేను చెప్పబోయేది వేరేవాళ్లు చెప్పి ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు.

మాది ఆలూరు దగ్గర పల్లె. ఇంట్లో నేను, మా ఆయన, మా మామ. అత్త పోయి రెండేళ్లు దాటింది. మామకు చదువు రాదు, సేద్యం తప్ప వేరే ధ్యాస లేదు.

మామ ఫోన్ కొని ఐదేళ్లయింది. కొన్నప్పుడే చవక రకం, ఇప్పుడైతే మరీ ముసలిది. ఎవరైనా ఫోన్ చేస్తే మామ పచ్చ గుర్తు మీద వేలు పెట్టి లాగుతూనే ఉంటాడు. అది కదిలేలోపు అవతలివాళ్లు విసుగొచ్చి పెట్టేస్తారు. కొత్తది కొనిస్తామని మా ఆయన ఎన్నిసార్లు అన్నా మామది ఒకటే మాట. "ఇది బాగనే ఉండాది లేప్పా." పిసినారితనమని నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున ఆ ఫోన్‌ను బాగుచేద్దామని కూర్చున్నాను. కంపెనీ ఇచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ తీసేసి, ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్‌ది ఒకటి వేసుకుంటే పాత ఫోన్లు కూడా చురుగ్గా పనిచేస్తాయి. నా ఫోన్‌కు అప్పటికే వేసుకున్నాను. చిక్కల్లా ఒకటే. కంపెనీ వేసిన తాళం తీయగానే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

అందుకే ముందుగా ఫోటోలన్నీ ల్యాప్‌టాప్‌లోకి దించాను. కాంటాక్టులు పన్నెండే ఉన్నాయి కదా అని పేర్లూ నంబర్లూ నోటుబుక్కులో రాసుకున్నాను. రాసింది పదకొండే. పన్నెండోది అత్త నంబరు. ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది, ఇంకెందుకులే అని వదిలేశాను.

కేబుల్ తగిలించి, రెండు బటన్లు కలిపి నొక్కిపట్టి, ల్యాప్‌టాప్‌లో నాలుగు ఆదేశాలు కొట్టాను. అంతా చెరిగిపోతుంది, సరేనా అని ఫోన్ ఇంగ్లిషులో అడిగింది. సరే అని నొక్కాను. మధ్యాహ్నానికి వేలు ఆనిస్తే చాలు, తెర పరుగెత్తుతోంది. రాసుకున్న నంబర్లన్నీ ఎక్కించి మామ చేతికిచ్చి, నా అంతటిదాన్ని నేనే అని మురిసిపోయాను.

మామ కాంటాక్టులు తెరిచి చాలాసేపు చూశాడు.

"బొమ్మలు యాడమ్మా?" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నేను చేసిన నిర్వాకం. మామకు అక్షరాలు రావు కాబట్టి మా ఆయన ఒక్కో నంబరుకూ ఒక్కో ఫోటో పెట్టిచ్చాడు. మోటారు మెకానిక్‌కు పంపుసెట్టు, ట్రాక్టరాయనకు ట్రాక్టరు, ఎరువుల అంగడికి యూరియా బస్తా. మామ దృష్టిలో ఫోన్ అంటే ఆ బొమ్మల వరసే. వాటి పక్కనే కూర్చుని నంబర్లు రాసుకున్న నాకు పేర్లు తప్ప ఇంకేమీ కనపడలేదు. చదువుకున్నదాన్ని కదా!

"మీ అత్త యాడికి పాయమ్మా?" అన్నాడు మళ్లీ.

అత్త నంబరుకు ఉన్నది అత్త ఫోటోనే. చేలో ఉల్లిగడ్డలు కోస్తున్నప్పుడు మామ తీశాడు. కుడిచేతిలో కొడవలి, ఎడమచేత్తో పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంటుంది. ముందు పన్ను ఊడినప్పటి నుంచి ఎవరు ఫోటోకని ఫోన్ ఎత్తినా అత్త అంతే చేసేది. "ఈ బోసినోటికి ఫోటో ఏంటికి, పోండి" అనేది. ఆ ఫోటో అసలుది ఎప్పుడో పోయింది. ఫోన్ నిండిపోయినప్పుడు, వాట్సాప్‌లో వచ్చిపడిన శుభోదయం బొమ్మలతో పాటు చెరిపేసి ఉంటాం. కాంటాక్టులో ఉన్న చిన్న బొమ్మే మిగిలింది. అది కాక ఇంకో ఫోటో అంటే ఆధార్ కార్డులోదే. గోడ మీద దండ వేసిందీ దానికే. అందులో అత్త పెదాలు బిగించి ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుంటుంది. "మీ అత్త ఇట్లుండదు" అని మామ ఆ గోడ వైపే చూడడు.

కొత్త ఫోన్ ఎందుకు వద్దన్నాడో ఆ రోజు తెలిసింది. రోజూ మధ్యాహ్నం చేలో సద్ది విప్పే ముందు ఆ బొమ్మ నొక్కేవాడట. బతికున్నప్పుడు అత్త ఆ వేళకు ఫోన్ ఎత్తి "తిన్యావా?" అని అడిగేది. పోయాక నొక్కితే, ఈ నంబరు వాడుకలో లేదని రికార్డు గొంతు వస్తుంది.

"ఆ యమ్మ ఏందో చెప్తాది. చెప్పుకోనీ. నేను మీ అత్తను చూస్కుంటా తింటా" అన్నాడు మామ.

నన్ను పల్లెత్తు మాట అనలేదు. "పోనీలేమ్మా, నీకేం తెలుసు" అన్నాడంతే. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. సిమ్ తీయించుకుని పాత బటన్ల ఫోన్‌లో వేసుకున్నాడు. సద్ది సగం తిని సగం ఇంటికి తెచ్చేవాడు. ఆ గిన్నె నేనే కడిగేదాన్ని.

పోయిన ఫైళ్లు తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్లన్నీ వేసి మూడు సాయంత్రాలు వెతికాను. రావని తెలిసీ వెతికాను. ఆలూరులో స్టూడియో నడిపే మస్తాన్ అన్న దగ్గరికీ వెళ్లాను. అత్త పోయినప్పుడు ఆ ఫోటోనే పెద్దది చేయమని ఆయనకు ఫోన్‌లో చూపించాం. "మొగం కనపడందే ఏం చేసేదక్కా అని ఆ పొద్దే తిప్పి పంపిస్తి గదా. నాతాన కాపీ యాడుండాది?" అన్నాడు.

చేయగలిగింది ఒక్కటే చేశాను. ఊరంతా తిరిగి పంపుసెట్టు, ట్రాక్టరు, బస్తా మళ్లీ ఫోటోలు తీసి పదకొండు బొమ్మలూ పెట్టాను. మామ దాన్ని ముట్టలేదు, ఫోన్‌ను అరలో పెట్టేశాను.

మరో వారానికి, ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాను. ఆ రోజు చేలో పని లేక మామ ఇంట్లోనే ఉన్నాడు. పళ్లెంలో వడ్డించి ఇచ్చాను. అరలో ఫోన్ వెలిగింది.

అందులో సిమ్ లేదు. వైఫై ఆపేసి ఉంది. ఏ ఖాతా కలపలేదు, మెమరీ కార్డు పెట్టలేదు. తీసి చూస్తే కాంటాక్టులు తెరిచి ఉన్నాయి. యూరియా బస్తా కింద పన్నెండో బొమ్మ ఉంది. దానికి పేరు లేదు, నంబరు లేదు. నొక్కాను.

అత్త. అదే చేను, అదే ఆకుపచ్చ చీర, వెనక అవే ఉల్లి గోతాలు, కుడిచేతిలో అదే కొడవలి. పైట మాత్రం భుజం మీద ఉంది. నోటికి అడ్డం ఉండాల్సిన ఎడమచేయి కిందికి దిగి ఉంది. అత్త పన్ను సందు కనపడేలా నోరారా నవ్వుతోంది.

 భయం వేయలేదు. కళ్లనీళ్లు మాత్రం ఆగలేదు. మామ ఫోన్ తీసుకుని పళ్లెం పక్కన గోడకు ఆనించి పెట్టుకున్నాడు. అన్నమంతా తిని, ఇంకొంచెం పెట్టమన్నాడు.

ఏఐతో నువ్వే చేశావు అన్నాడు మా ఆయన. "దేన్ని చూసి చేస్తాను? ఫోటో యాడుండాది?" అన్నాను. పన్ను ఊడాక అత్త నోరు తెరిచిన ఫోటో మా చుట్టాల్లో ఎవరి దగ్గరా లేదు, అందరినీ అడిగాను. రెండు ఫోటోలు తీసి ఉంటాడేమో అనుకుంటే, మామ ఒక్కసారే నొక్కానంటాడు. రెండోది ఉన్నా అది కూడా చెరిగిపోవాలి కదా! కాంటాక్టు బొమ్మలు చిన్నవి, పెద్దది చేస్తే మసకబారతాయి. ఇది గోడకు పెట్టేంత పెద్దదిగా స్పష్టంగా వచ్చింది. ప్రింటు తీసిన మస్తాన్ అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆ పొద్దు నేను చూసింది ఈ ఫోటోనే, కానీ పైటతో నోరు మూసుకోనుండె" అని కవర్లో పెట్టిచ్చాడు.

ఇప్పుడు గోడ మీద ఆధార్ ఫోటో లేదు. సిమ్ మళ్లీ ఆ ఫోన్‌లోకే వెళ్లింది, సద్ది గిన్నె ఖాళీగా ఇంటికొస్తోంది. కొత్త అప్‌డేట్ వచ్చిందని ఫోన్ నెలనెలా చెబుతుంది. ఉచితమే, పది నిమిషాల పనే. నొక్కే ధైర్యం మాత్రం నాకు లేదు.

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. నేను చదివిన చదువులో దీనికి జవాబు లేదు. ఒకసారి ఉండబట్టలేక మామనే అడిగాను, అత్త చెయ్యి ఎలా దిగింది మామా అని. ఆయనకు నా ప్రశ్నే వింతగా తోచింది.

"ఆ పొద్దూ నవ్వుతానే ఉన్నిందమ్మా. మీకు చెయ్యి అడ్డముండె, అంతే."