సెలవు వద్దన్న జవాను

ఆషాఢం ముగుస్తుండగా మా ప్లాటూను ఈశాన్యపు సరిహద్దు కొండ మీది పోస్టుకు చేరింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన మరుసటి సంవత్సరమది. నేను సుబేదారును, నా కొలువులో అదే చివరి మజిలీ. లారీలు దిగిన చోటి నుండి ఆరు గంటల నడక. ఒక్కొక్కరి వీపున ఇరవై కిలోల బరువు. దారి పొడవునా వాన, జలగలు, పిక్కలు మునిగే బురద. పైన నాలుగు బంకర్లు, ఒక వంటపాక, ఒక వైర్‌లెస్ గది. మా ఊరు పానగల్‌లో ఉతికిన బట్టను బండ మీద పరిస్తే గంటలో పెళపెళలాడుతుంది. అక్కడ నాలుగు దినాలైనా తడి వదలదు. తడిగానే తొడుగుకొని, ఒంటి వేడితో ఆరబెట్టుకోవలసినదే.

మాలో మరి ఇద్దరు మన ప్రాంతపువారుండిరి. మెషిన్‌గన్ జవాను హుజూర్‌నగర్ దాపున ఒక పల్లెవాడు. వైద్య సహాయకుడు మహబూబ్‌నగర్ వాడు. జవాను మితభాషి. ఎవరూ కోరని ఒంటరి కాపలాను తానే అడిగి పుచ్చుకొనేవాడు. కర్తవ్యదీక్ష అని అందరం మెచ్చుకొన్నాము.

శ్రావణంలో అతనికి కూతురు పుట్టినదని వైర్‌లెస్‌లో కబురందింది. సెలవు వంతు కూడ అతనిదే. బంకరుకు పిలిపించి చెప్పినాను.

"నా వంతు వేరేటోళ్లకియ్యుండ్రి సాబ్."

"బిడ్డ పుట్టింది గదరా. చూడవా?"

"తర్వాత పోత."

పక్కనే ఉన్న వైద్య సహాయకుడు నవ్వినాడు. "ఇంటికి పోతే పీతిగుడ్డలు పిండాలెనని భయమా తమ్మీ?"

జవాను సెల్యూట్ చేసి కాపలాకు వెళ్లిపోయినాడు. భాద్రపదంలో వచ్చిన రెండవ వంతునూ అట్లే వదులుకొన్నాడు. ఇంటి నుండి భార్య రెండు పర్యాయాలు కబురంపింది. బదులు పంపలేదు.

ఆ మాసంలోనే ఒకనాటి గస్తీలో అతడు వెనుకబడినాడు. నిట్టనిలువు ఎక్కుడు, సన్నని జల్లు. కాళ్లు ఎడంగా పెట్టి అడుగులు వేస్తున్నాడు. ప్యాంటు లోపలివైపున రెండు తొడల మీదను నెత్తురు మరక. దళాన్ని ఆపినాను.

"జలగ పట్టింది సాబ్," అన్నాడు.

"రెండు దిక్కుల ఒక్కతీరుగనే పట్టిందా జలగ?" అన్నాడు వైద్య సహాయకుడు. "ఇటు రా. సిగ్గుపడకు."

ఒక చరియ చాటున పరీక్ష జరిగింది. రెండు గజ్జలలోనూ అరచేతులంత ఎర్రని వలయాలు. అంచులు ఉబ్బి పొలుసులు రేగినవి. నడుమ చర్మం ఉల్లిపొర వలె పలచబడి చీలినది; చీము పట్టినది.

"ఏం పూసినవ్?"

"మా దిక్కు మందుల దుకాణంల ఇచ్చిన ట్యూబు. పూస్తే జరసేపట్ల సల్లబడ్తది. ఆపితే ఇంకింత లేస్తది. పుండ్లు కడిగే మందు గూడ నీళ్లు కలపకుంటనే పోసిన."

"అది నీ తోలా, చెప్పుల తోలా? గంత ఓర్చుకున్నవ్, నాకొక్క మాట చెప్తె ఏం పోతుండె?"

జవాను నా వైపు తిరిగినాడు. గొంతు తగ్గించినాడు. "గలీజు రోగమనుకుంటరని చెప్పలే సాబ్. నేనేడికీ పోలే, ఏ తప్పు జెయ్యలే. ఇంటామె నమ్ముతదా? పసిదానికంటుకుంటే ఏం జేసేది?"

సెలవు వద్దన్న కారణం అప్పుడు తెలిసినది.

సాయంత్రం ఐదున్నరకు వైర్‌లెస్‌లో వైద్యాధికారితో మాట్లాడినాను.

"పూసినదానిలో స్టెరాయిడ్ ఉన్నదా?"

"ఉన్నదట సర్."

"ఆపించండి. అది దురదను అణచుతుంది, బూజును పెంచుతుంది. ఇది తామర. సుఖవ్యాధి కాదు. చీము పట్టినదన్నారు గనుక రేపే కిందికి పంపండి."

మర్నాడు నలుగురు తోడురాగా దిగినాడు. ఆసుపత్రిలో చీముకు చికిత్స చేసి, తామరకు మాత్రలిచ్చినారు. పూతమందును వలయపు అంచు దాటించి ఉదయ సాయంకాలాలు పూయుమన్నారు. చర్మం బాగైన పిమ్మట కూడ కొన్ని వారాలు మానవద్దన్నారు. కాలివేళ్ల సందులలోనూ అదే తామర బయటపడింది. లోదుస్తు తొడిగినప్పుడల్లా పాదాల నుండి గజ్జలకు ఎక్కినదట. అందుచేత ముందు మేజోళ్లు తొడిగి, పిదప లోదుస్తు తొడగమన్నారు. తువాలు ఎవరిది వారిదే. తడిని అద్దుకోవలె గాని రుద్దరాదు.

పోస్టులో వంటపాక పొయ్యికి ఎడంగా తీగ కట్టించి, అందరి లోదుస్తులు అక్కడ ఆరవేయుమని ఆజ్ఞాపించినాను. వంటవాడు రెండు దినాలు నాతో మాట్లాడలేదు. ఆ వారంలోనే మరి ఐదుగురు తమకూ ఉన్నదని నోరు విప్పినారు.

ఇది చదివే గృహస్థులకొక మాట. ఆ చోటి మంటలన్నీ తామర కావు. సబ్బు పడకపోవుట, బట్ట ఒరయుట, చెమట, రక్తంలో చక్కెర హెచ్చుట, ఇవన్నీ కారణాలే. దుకాణంలో ట్యూబు కొనుటకు ముందు వైద్యుని చూడండి. శరీరంలో ఏ భాగమైనా శరీరమే.

కార్తికంలో నా కొలువు ముగిసింది. జవానుకూ సెలవు దొరికింది. పూర్తిగా నయమైనదనీ, ఆలుబిడ్డలతో నిశ్చింతగా ఉండవచ్చుననీ వైద్యాధికారి నా ఎదుటనే చెప్పినాడు. ఇద్దరం ఒకే బండిలో నల్లగొండ స్టేషనులో దిగినాము. ఉదయం ఆరు దాటింది. భార్య బిడ్డను ఎత్తుకొని ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తున్నది. తానే ముందుకు వచ్చి బిడ్డను అతని చేతులలో పెట్టింది.

అతడు అందుకొన్నాడు. చేతులను మోచేతుల దగ్గర వంచలేదు. తిన్నగా ముందుకు చాచి, బిడ్డను తన ఒంటికి తగలనీయక పట్టుకొన్నాడు.

"గట్ల దూరం పట్టుకుంటవేంది? హత్తుకో. నీ బిడ్డనే," అన్నది భార్య.

"ఇవి రైల్ల తొడిగిన బట్టలు," అన్నాడు.

బిడ్డ కాళ్లు ఆడించింది. పాదాలు అతని రొమ్మును అందుకోలేదు. అయినా దగ్గరకు తీసుకోలేదు. ఆ పాదాలకూ ఆ రొమ్ముకూ నడుమ నిలిచిన జానెడు ఎడం నా కన్నుల నుండి నేటికీ తొలగలేదు.